ఫిలిపీన్స్ వ్యక్తిత్వ పరిశోధనలు: సొంత సిద్ధాంతం అవసరమా, ఉన్న పరీక్షలు చాలా?

చినుకు_విశాఖ:
అందరికీ నమస్కారం. నేను సోషల్ వర్క్‌లో రీసెర్చ్ చేస్తున్నాను. కడప, కోనసీమ ప్రాంతాల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన తల్లులు, ఇక్కడ ఉండిపోయిన వాళ్ళ పిల్లలు నా అంశం. ఈ విషయం మీద లోతుగా పని చేసింది ఫిలిపీన్స్ గురించి రాసినవాళ్ళే కాబట్టి కొన్నాళ్ళుగా అవే చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక చిక్కుముడి పడింది.

1970లలో అక్కడి పండితులు "అమెరికా పరీక్షలతో మా మనుషుల్ని కొలిస్తే మేం అర్థం కాం" అంటూ సొంత మనస్తత్వ శాస్త్రం మొదలుపెట్టారు. దాని పేరు సికోలోహియాంగ్ పిలిపీనో. సొంత వ్యక్తిత్వ పరీక్షలు కూడా తయారు చేసుకున్నారు. 2002లో కాటిగ్‌బాక్, చర్చ్ అనే పరిశోధకులు, ఇంకొందరు కలిసి ఆ సొంత పరీక్షల్ని, ప్రపంచమంతా వాడే ఐదు గుణాల పరీక్షని (కొత్తవాటి మీద ఆసక్తి, క్రమశిక్షణ, కలుపుగోలుతనం, మంచితనం, ఆందోళన కొలిచేది) ఒకే విద్యార్థులకు ఇచ్చి పోల్చారు. ఫిలిపీన్స్ పరీక్షలు కొలిచే గుణాల్లో ఎక్కువ భాగం ఆ ఐదింటిలోనే ఇమిడిపోయాయి.

అలాంటప్పుడు అన్నేళ్ళ శ్రమ దేనికి? నాకిది ఉత్త కుతూహలం కాదు. మా గైడ్ గారు ఐదు గుణాల ప్రశ్నావళిని తెలుగులోకి అనువదించి వాడమంటున్నారు. నాకేమో మనసు ఒప్పడం లేదు. ఎందుకు ఒప్పడం లేదో గట్టిగా చెప్పలేకపోతున్నాను.

అంకెలమనిషి:
నేను టెస్టులు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి నా వైపు నుంచి చెప్తాను. ఆ 2002 పేపర్‌ని తేలిగ్గా తీసిపారేయకండి. రాసినవాళ్ళలో ఫిలిపీన్స్ సొంత పరీక్షలు తయారుచేసినవాళ్ళే ఉన్నారు. అన్నాడైసీ కార్లోటా 1985లో "పనుకాత్ నంగ్ పగ్కతావోంగ్ పిలిపీనో" అనే పరీక్ష రూపొందించారు. ఆ ఉద్యమం మొదలుపెట్టిన ఎన్రికెజ్‌తో కలిసి అదే ఏడాది ఇంకో పరీక్ష తెచ్చిన గ్వాంజోన్ కూడా ఆ బృందంలో ఉన్నారు. అంటే తమ పరీక్షల్ని తామే బోనులో నిలబెట్టి పరీక్షించారు. ఇలా చేసే పరిశోధకులంటే నాకు చాలా గౌరవం.

ఫలితంలో రెండు ముక్కలున్నాయి. ఐదు గుణాల నిర్మాణం ఫిలిపీనో అనువాదంలోనూ దాదాపు చెక్కుచెదరకుండా వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. రెండోది, దైవభక్తి, సాహసించే గుణం, ఎదుటివాళ్ళ సంగతుల మీద ఆసక్తి లాంటి కొన్ని మాత్రం ఆ ఐదింటిలో సరిగా ఒదగలేదు. అవి కూడా వేరే దేశాల్లో లేనివేం కావు, అక్కడ వాటికి బరువు ఎక్కువ, అంతే. కొన్ని ప్రవర్తనల్ని ముందే అంచనా వేయడానికి సొంత పరీక్షలు అదనంగా పనికొచ్చాయి, కానీ ఆ అదనం కొంచెమే.

పేరు మార్చినంత మాత్రాన కొత్త గుణం పుట్టదు. మీ గైడ్ గారి సలహాలో తప్పేం లేదని నా అభిప్రాయం.

దావావో_బ్యాచ్:
ఇంట్రెస్టింగ్ థ్రెడ్ అక్కా. నేను ఫిలిపీన్స్‌లోనే, దావావోలో మెడిసిన్ చదువుతున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నాం. రాత్రికి వివరంగా రాస్తాను, రేపు ఎగ్జామ్ ఉంది.

పాతపుస్తకం:
అమ్మా చినుకూ, మీ ప్రశ్న మంచిది. అయితే ఆ ఉద్యమం మొత్తం పరీక్షలు తయారుచేయడం కోసమే పుట్టింది అనుకుంటే సగమే చూసినట్టు. నేను కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. తెలిసినంత రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

1950ల చివర, 60లలో ఫిలిపీన్స్ విలువల మీద పెద్దగా పని చేసింది మనీలాలోని అతెనెయో విశ్వవిద్యాలయం. ఫ్రాంక్ లించ్ అనే జెసూట్ ఫాదర్, మానవ శాస్త్రవేత్త, 1960లో అక్కడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిలిపీన్ కల్చర్ మొదలుపెట్టారు. గొడవ పడకుండా, ముఖం మీద కాదనకుండా, నలుగురితో సర్దుకుపోవడమే ఫిలిపీనోల ముఖ్య విలువ అని ఆయన సూత్రీకరించారు. ఆ సర్దుబాటును అక్కడ పకికిసామా అంటారు. మేరీ హాల్న్‌స్టైనర్ గారు మేలు చేసినవాళ్ళకు రుణపడి ఉండటం గురించి, హైమే బులతావో గారు సిగ్గు, బెరుకుల గురించి రాశారు. ఫిలిపీనో మనిషి అంటే సర్దుకుపోయేవాడు, సిగ్గరి, రుణానికి కట్టుబడేవాడు అనే బొమ్మ అలా తయారై పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

వర్జీలియో ఎన్రికెజ్ 1942లో బులకాన్ రాష్ట్రంలో పుట్టారు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో సోషల్ సైకాలజీలో డాక్టరేట్ చేసి 1971లో తిరిగొచ్చారు. అప్పటికి మనీలా వీధులు విద్యార్థుల ఊరేగింపులతో నిండి ఉన్నాయి. మరుసటి ఏడాది దేశాధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా (సైనిక పాలన) పెట్టాడు. ఆ రోజుల్లో ఈయన విశ్వవిద్యాలయంలో సైకాలజీని ఇంగ్లీషులో కాకుండా ఫిలిపీనోలో చెప్పడానికి పూనుకున్నారు. 1975లో మొదటి జాతీయ సమావేశం జరిగింది, దానికోసం సంఘం కూడా ఏర్పడింది. 1994లో, ఇంకా ఎంతో చేయాల్సిన వయసులో పోయారు.

ఆయన వాదన ఇది. సర్దుకుపోవడం అనేది మనుషుల మధ్య ఉండే ఎన్నో మెట్లలో ఒకటి మాత్రమే. కార్మెన్ శాంటియాగోతో కలిసి 1976లో ఎనిమిది మెట్లు చెప్పారు. మొదటి ఐదూ బయటివాళ్ళతో: మర్యాదగా మసలుకోవడం, కలుపుగోలుగా ఉండటం, పాల్గొనడం, తగ్గట్టు నడుచుకోవడం, సర్దుకుపోవడం. ఆ తర్వాతి మూడూ మనవాళ్ళు అనుకున్నవాళ్ళతో: మనసు విప్పడం, వాళ్ళ కష్టంలో దిగడం, చివరికి వాళ్ళతో ఒకటైపోవడం. లించ్ లాంటివాళ్ళు చూసినదాన్ని ఎన్రికెజ్ అబద్ధం అనలేదు. బయటివాడిగా వచ్చి అడిగితే బయటివాడికి చూపించే మెట్టే కనబడుతుంది, దాన్నే జాతి మొత్తం స్వభావం అనుకున్నారు అన్నారు.

అందుకే ఆయన సిద్ధాంతానికి మూలం కప్వా. నేను, ఎదుటి మనిషి ఇద్దరం కలిసి ఉన్న ఒకే ఉనికి అన్న భావన అది. సిగ్గు, రుణం, సర్దుబాటు, తిరుగుబాటు అన్నీ దాని నుంచే వస్తాయన్నారు. తిరుగుబాటు అన్న మాట గమనించండి. అన్యాయాన్ని ఎదిరించడం కూడా ఫిలిపీనో విలువేనని ఎన్రికెజ్ గట్టిగా రాశారు. మార్షల్ లా కింద ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తే: 2002 పేపర్ పోల్చింది పరీక్షల్ని. రెండు వైపులా కాగితం మీద ప్రశ్నలే, టిక్కులే, కాలేజీ పిల్లలే. కానీ ఆ ఉద్యమంలో సగం బలం ఎలా అడగాలి అనే దాంట్లో ఉంది. ఆ సగం ఈ పోలికలోకి రానే రాలేదు.

చినుకు_విశాఖ:
మాస్టారూ, చాలా థ్యాంక్స్. ఎలా అడగాలి అనే దాని గురించి ఇంకొంచెం చెప్తారా? పగ్‌తతనోంగ్-తనోంగ్ అనే పేరు చూశాను. ఊరికే కబుర్లు చెప్పుకుంటూ అడగడం లాగే అనిపించింది. దాన్ని ఒక పద్ధతి అంటే మా కమిటీ ఒప్పుకుంటుందా అని భయం.

పాతపుస్తకం:
కబుర్లే, కానీ క్రమశిక్షణ ఉన్న కబుర్లు. రొహేలియా పె-పువా గారు దాని గురించి వివరంగా రాశారు. పరిశోధకుడు కొన్ని విషయాలు మనసులో పెట్టుకునే వెళ్తాడు. ప్రశ్నల వరుస మాత్రం మాటల్ని బట్టి మారుతుంది. ఎదుటివాళ్ళు కూడా తిరిగి ప్రశ్నలు వేయొచ్చు, వేయాలి కూడా. నీకు పెళ్ళయిందా, మీ నాన్న ఏం చేస్తాడు అని వాళ్ళు అడిగితే జవాబు చెప్పి తీరాలి. ఒకే విషయాన్ని వేర్వేరు మనుషుల దగ్గర, వేర్వేరు సందర్భాల్లో మళ్ళీ మళ్ళీ అడిగి, కుదురుతుందో లేదో సరిచూసుకోవాలి. జనం మాట్లాడే భాషలోనే జరగాలి.

దానితోపాటు వాళ్ళు పెట్టుకున్న నియమాలున్నాయి. నీకూ వాళ్ళకూ మధ్య ఉన్న సంబంధం ఏ మెట్టు మీద ఉందో, నీకు దొరికే సమాచారం నాణ్యత అంతే. నీ డేటా కంటే వాళ్ళ మేలు ముందు. పద్ధతి ఎంత ఆధునికమైనదని కాదు, ఆ మనుషులకు తగినదా అని చూసి ఎంచుకో. ఇవి కమిటీ ముందు పెట్టండి. కాదనడానికి వాళ్ళు చాలా కష్టపడాలి.

దావావో_బ్యాచ్:
ఎగ్జామ్ అయిపోయింది. చెప్పాల్సింది రాస్తాను.

కమ్యూనిటీ మెడిసిన్‌లో భాగంగా మమ్మల్ని బరంగైలకు పంపుతారు. బరంగై అంటే ఇక్కడ మన పంచాయతీ, వార్డు లాంటిది. ఫారంలు పట్టుకుని ఇంటింటికీ వెళ్తే అందరూ నవ్వుతూ కూర్చోబెడతారు. మందులు సరిగ్గా వేసుకుంటున్నారా, ఇంట్లో ఏమైనా టెన్షన్లు ఉన్నాయా అని అడిగితే అంతా ఓకే అంటారు. ఒక్కళ్ళు కూడా విసుక్కోరు. ఫారం నిండిపోతుంది. ఆ ఫారంలో ఏమీ ఉండదు.

మా క్లాస్‌మేట్, ఇక్కడి అమ్మాయి, ఫారం బ్యాగులో పెట్టేసి పెద్దావిడతో కూరగాయల ధరల గురించి మొదలుపెట్టింది. ఆవిడ నావైపు తిరిగి నన్ను అడగడం మొదలుపెట్టారు. ఎక్కడి నుంచి వచ్చావు, ఇంత దూరం మీ అమ్మ ఎలా పంపింది, ఫోన్ చేస్తావా రోజూ, డబ్బు ఎవరు పంపుతారు? నేను అన్నిటికీ చెప్పాను. నాన్న అప్పు చేశారని కూడా చెప్పాను. ఆ తర్వాత ఆవిడే, ఎవరూ అడక్కుండా, బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని, మిగిలిన డబ్బు మనవడి స్కూలుకని చెప్పారు.

మాస్టారు చెప్పిన మెట్లు చదువుతుంటే నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది.

ఇంకో విషయం. దావావోలో జనం మాట్లాడేది బిసాయా. మనీలా వైపు భాష టగాలోగ్ అందరికీ వచ్చు, కానీ ఇంటి భాష కాదు. ఫిలిపీనో మనస్తత్వం అని మనీలాలో రాసేది మా గురించేనా అని ఇక్కడివాళ్ళు అడుగుతారు. దావావో ఉన్న ఈ మిందనావో దీవిలో ముస్లింలు ఉన్నారు, కొండల్లో లుమాద్ అనే ఆదివాసీ ప్రజలు ఉన్నారు. 7,641 దీవుల దేశానికి ఒకే వ్యక్తిత్వం అంటే నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంది.

అంకెలమనిషి:
తమ్ముడూ, నువ్వు చెప్పింది అబద్ధం అనను. కానీ అడిగే మనిషిని బట్టి జవాబు మారడం ఫిలిపీన్స్ ప్రత్యేకత కాదు, ప్రతిచోటా ఉన్నదే. సర్వే శాస్త్రంలో దానికి లెక్కలున్నాయి, సరిదిద్దే మార్గాలున్నాయి. పేరు రాయకుండా ఇచ్చే ఫారం, ఫోన్‌లో నింపే ఫారం ఇవన్నీ అందుకే వచ్చాయి. పెద్దావిడ మాత్రల సంగతి తెలియడం బాగుంది. కానీ వెయ్యిమంది దగ్గర అలా కూర్చోగలవా? ఒక్కళ్ళ కథతో విధానాలు రాయలేం కదా.

మట్టిమనిషి:
ఇద్దరి మాటల్లోనూ ఒక ప్రమాదం ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. "ఫిలిపీనో స్వభావం" అన్న మాట ఎవరి చేతిలో పడితే ఏమవుతుంది?

మార్కోస్ 1986లో కూలిపోయాడు. మరుసటి ఏడాదే జేమ్స్ ఫాలోస్ అనే అమెరికా జర్నలిస్టు ఆ దేశం బాగుపడకపోవడానికి కారణం దాని సంస్కృతి దెబ్బతినడమే అని రాశాడు. 1988లో అక్కడి సెనేట్ కోసం ఒక నివేదిక తయారైంది. సెనేటర్ లెటీషియా షహానీ పూనికతో, పట్రీషియా లికువానన్ నాయకత్వంలో. ఫిలిపీనోల బలాలు ఇవి, బలహీనతలు ఇవి అని జాబితా. కుటుంబం మీద మితిమీరిన మమకారం, క్రమశిక్షణ లేకపోవడం, ఎవరికి వారే అన్న ధోరణి, విదేశీ వస్తువుల మోజు. ఆ జాబితాలు తర్వాత బడి పాఠాల్లోకి వెళ్ళాయి. పిల్లలు తమ జాతి లోపాల్ని బట్టీ పట్టారు.

నిజానికి ఆ నివేదిక కారణాల గురించి కూడా మాట్లాడింది. వలస పాలన, పేదరికం, బడులు ఎలా ఉన్నాయి అన్నీ ప్రస్తావించింది. కానీ జనం నోళ్ళలో మిగిలింది జాబితా ఒక్కటే. హసియెండాలలో, అంటే పెద్ద భూస్వాముల ఎస్టేట్లలో, వందల ఎకరాలు ఎవరి పేరున ఉన్నాయి, మార్కోస్ చేసిన అప్పుల వడ్డీ ఎవరు కట్టారు అన్న ప్రశ్నలు పక్కకి పోయాయి. ఇంట్లో అన్నం లేక హాంకాంగ్ వెళ్ళి పని చేసే తల్లిని "కుటుంబం మీద మితిమీరిన మమకారం" అన్న గడిలో పెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

చినుకు గారూ, మీరు కువైట్ తల్లుల గురించి రాసేటప్పుడు దయచేసి వ్యక్తిత్వంతో మొదలుపెట్టకండి. ఎకరం ఎంత పండింది, వడ్డీ ఎంత, మొగుడు ఏం చేస్తున్నాడు, వీటితో మొదలుపెట్టండి.

నైట్‌డ్యూటీ:
నేను ఇంగ్లండ్‌లో నర్సుని, ఊరు తణుకు. నా వార్డులో సగం మంది ఫిలిపీనా సిస్టర్లే. ఈ థ్రెడ్ చదివి, రుణం గురించి మాస్టారు రాసింది నాతో పనిచేసే ఒకావిడకి చెప్పాను. ఆవిడ ఇంట్లో పెద్ద కూతురు. తమ్ముళ్ళిద్దరినీ ఆవిడే చదివించింది, ఇప్పుడు మేనకోడలి నర్సింగ్ ఫీజు కడుతోంది.

మేలు చేసినవాళ్ళకు రుణపడటాన్ని అక్కడ ఉతాంగ్ నా లోఒబ్ అంటారు. తల్లిదండ్రుల రుణం తీర్చుకోవడానికే నువ్విదంతా చేస్తున్నావని పుస్తకాల్లో రాశారట అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. రుణం ఉంది, అది నిజమే. దాన్ని భారం అనుకోవడం లేదు. కానీ నర్సింగే ఎందుకు చదివావు అని ఎవరైనా అడిగితే మాత్రం బాధేస్తుందట. ఆవిడకి టీచర్ అవ్వాలని ఉండేది. బయటి దేశాల్లో నర్సులకి గిరాకీ ఉందని ఊళ్ళో అందరూ నర్సింగ్‌లో చేర్పించారు. ఇది నా స్వభావమా, మా దేశం తయారుచేసిన దారా అని ఆవిడే నన్ను అడిగింది.

మట్టిమనిషి గారి మాటకి నేను ఓటేస్తాను. కానీ ఆవిడ మనసులో ఏముందో కూడా ముఖ్యమే కదండీ. ఎకరాలు, వడ్డీలు రాసి వదిలేస్తే ఆవిడ టీచర్ కోరిక ఏ గడిలోనూ పడదు.

మట్టిమనిషి:
ఆ సిస్టర్ గారు అడిగింది సరైన ప్రశ్న. 1974లో మార్కోస్ తెచ్చిన లేబర్ కోడ్‌తోనే మనుషుల్ని బయటి దేశాలకు పంపడం ప్రభుత్వ కార్యక్రమం అయ్యింది. ఉద్యోగాలు లేక, డాలర్లు కావాల్సి వచ్చి, అప్పటికి తాత్కాలికం అనే మొదలుపెట్టారు. 1988లో ప్రెసిడెంట్ కొరాజోన్ అక్వినో హాంకాంగ్‌లో పనిచేసే ఆడవాళ్ళని కొత్త వీరులని పిలిచారు. ఇప్పుడు ఏటా 3,000 కోట్ల డాలర్ల పైన వాళ్ళు ఇంటికి పంపుతున్నారు. వీరులని పిలిచాక వద్దనుకునే హక్కు కూడా పోతుంది.

మీరన్న రెండోదానికీ ఒప్పుకుంటాను. మనసు వద్దనలేదు, మొదలు అది కాకూడదన్నాను.

జగిత్యాల_టు_దోహా:
అన్నా, అక్కా, మాస్టారూ, అందరికీ నమస్తే. గల్ఫ్‌ల పదేండ్ల పైన ఉన్న. ఫిలిపీనోలతోటి కలిసి చేసినం. వాళ్ళు ఏదైనా కష్టం వస్తే బహాలా నా అంటరు. చూద్దాం, దేవుడున్నడు, అన్నట్టు. మా సూపర్‌వైజర్ ఏమో, వీళ్ళకు బాధ్యత లేదు, అంతా దేవుని మీద వేస్తరు అనేటోడు. నేను చూసింది వేరే. అట్లనుకుంటనే ముందుకు దుంకుతరు. క్యాంపుల ఒకడు సచ్చిపోతే శవాన్ని ఇంటికి పంపే దాకా అందరు పైసలు జమ చేసి, ఎంబసీకి తిరిగి, పని అయ్యేదాకా నిద్రపోలే. దీని మీద చదువుకున్నోళ్ళు ఏమన్నా రాసిన్రా?

పాతపుస్తకం:
రాశారు బాబూ, మీరు చూసిందే రాశారు. ఆ ధోరణిని అదృష్టవాదం అని పాత రచయితలు తేల్చేశారు. అల్ఫ్రెడో లగ్మాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దాన్ని తిరగదోడారు. జనం ఆ మాట ఎప్పుడు అంటున్నారో చూశారు. ఏం జరుగుతుందో తెలియని, చేతిలో సరిపడా వనరులు లేని చోట అడుగు వేసే ముందు అంటున్నారు. చేతులెత్తేసే ముందు కాదు. అందుకే దాన్ని ధైర్యం కూడగట్టుకునే పద్ధతి అన్నారు.

దావావో బాబు లేవనెత్తిన విషయం కూడా న్యాయమైనదే. ఎన్రికెజ్ ఉద్యమం మీద ఇప్పటికీ వస్తున్న గట్టి విమర్శ అదే. మనీలా విశ్వవిద్యాలయంలో, టగాలోగ్ మాటల మీద కట్టిన సిద్ధాంతాన్ని దేశమంతటికీ అంటగట్టడం. బయటి దేశం చూపు వద్దని బయలుదేరినవాళ్ళు బిసాయా మాట్లాడే సెబువానోల మీద, కొండ జాతుల మీద రాజధాని చూపు రుద్దకూడదు. మన దగ్గర అలహాబాద్‌లో దుర్గానంద్ సిన్హా గారు భారతీయ సైకాలజీ కావాలని ఎంతో పోరాడారు. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నాను, భారతీయం అంటే ఎవరిది అన్న ప్రశ్న అక్కడా ఉంది. సంస్కృత గ్రంథాల్లోంచి తీసిన మనిషి రాయచోటి మనిషి కావాలని లేదు.

న్యూజెర్సీ_నాన్న:
అమెరికాలో ఉండే ఫిలిపీనోల మీద జరిగిన ఒక పని కూడా చూడండి. ఈ.జే.ఆర్. డేవిడ్, సుమీ ఒకజాకీ 2006లో పరాయి పాలన మిగిల్చిన బానిస మనస్తత్వాన్ని కొలిచే స్కేల్ ఒకటి తయారుచేశారు. తనను తాను తక్కువగా చూసుకోవడం, కొత్తగా దిగిన సొంతవాళ్ళని చిన్నచూపు చూడటం, తెల్ల చర్మాన్ని అందం అనుకోవడం, సొంత సంస్కృతికి సిగ్గుపడటం, పాలించినవాళ్ళు మేలే చేశారనుకోవడం. ఈ స్కేల్‌లో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళలో ఆత్మగౌరవం తక్కువగా, డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. స్పెయిన్ 300 ఏళ్ళ పైన, ఆ తర్వాత అమెరికా 1946 దాకా ఏలిన దేశం. ఈ కొలత ఐదు గుణాల పరీక్షలోంచి పుట్టేది కాదు. చరిత్ర తెలిసినవాళ్ళే వేయగలిగిన ప్రశ్నలు అవి. అంకెలు కూడా ఉన్నాయి, అంకెలమనిషి గారు సంతోషిస్తారు.

అంకెలమనిషి:
ఆ స్కేల్ నాకు తెలుసు, బాగా కట్టారు. దీనికి నేను ఒప్పుకుంటాను. చరిత్ర తెలిసినవాళ్ళు ప్రశ్నలు రాయాలి, ఆ ప్రశ్నలు నిలుస్తాయో లేదో లెక్క తేల్చాలి. రెండూ కావాలి.

చినుకు_విశాఖ:
అందరివీ రెండుసార్లు చదివాను. నన్ను అసలు ఆపిన విషయం ఏమిటో ఇప్పుడు చెప్పగలననుకుంటున్నాను.

రాసెల్ పరేన్యాస్ అనే సామాజిక శాస్త్రవేత్త రోమ్‌లో, లాస్ ఏంజెలెస్‌లో ఇంటిపని చేసే ఫిలిపీనో ఆడవాళ్ళతో మాట్లాడారు. ఎందుకు వచ్చారు అంటే మొదటి జవాబు డబ్బు, పిల్లల చదువు. ఆ జవాబు అబద్ధం కాదు. కానీ మాట సాగేకొద్దీ వేరే కారణాలు బయటపడ్డాయి. కొట్టే భర్త, ఇంటి పని మొత్తం ఒక్కదాని మీదే పడటం, వేరే ఆడదానితో వెళ్ళిపోయిన మొగుడు. ముస్లింలకు తప్ప మిగతావాళ్ళకు విడాకుల చట్టం లేని దేశం అది. విడిపోవడానికి చట్టం దారి ఇవ్వనప్పుడు విమానం దారి అయ్యింది. ఫారంలో "వలస వెళ్ళడానికి కారణం" అన్న గడి ఉంటే అందులో ఆర్థికం అని టిక్ పడేది, అక్కడితో అయిపోయేది.

తర్వాత ఆవిడే ఫిలిపీన్స్‌లో పిల్లలతో మాట్లాడి 2005లో ఇంకో అధ్యయనం ప్రచురించారు. తండ్రి దూరదేశం వెళ్తే పిల్లలు దాన్ని కుటుంబం కోసం పడే కష్టం అనుకుంటున్నారు. తల్లి వెళ్తే, రోజూ ఫోన్ చేసినా, అమ్మమ్మలూ పిన్నులూ బాగా చూసుకున్నా, కొంతమంది పిల్లలు వదిలేసి పోయింది అనుకుంటున్నారు. తల్లి వెళ్ళాక కూడా చాలా ఇళ్ళలో తండ్రులు పిల్లల పని పెద్దగా నెత్తిన వేసుకోలేదు, ఇంకో ఆడమనిషి వేసుకుంది. పిల్లల బాధకి మూలం తల్లి దూరం ఒక్కటే కాదు, తల్లి అంటే ఇంట్లోనే ఉండాలి అని చుట్టూ అందరూ అనుకోవడం కూడా. ఆ పిల్లవాడికి ఐదు గుణాల పరీక్ష పెట్టి ఆందోళన ఎక్కువ అని రాసుకుంటే, అది వాడి స్వభావం అయిపోతుంది. వాడి చుట్టూ ఉన్న మాటలు మాయమైపోతాయి. నాకు ఒప్పనిది ఇదీ.

నైట్‌డ్యూటీ:
ఇది మీ కమిటీ ముందు ఇలాగే చదవండి. ఒక్క అక్షరం మార్చకండి.

అంకెలమనిషి:
ఇప్పుడు మీ అభ్యంతరం నాకు అర్థమైంది. గుణాన్ని కొలిచే పరీక్ష పరిస్థితిని గుణంగా చూపించే అవకాశం ఉంది. అది నిజమైన సమస్య, దాన్ని నేను తోసిపుచ్చను.

నా సలహా ఇలా మారుస్తున్నాను. మొదట మాస్టారు చెప్పినట్టు కూర్చుని మాట్లాడండి, చాలినన్ని ఇళ్ళలో, తొందరపడకుండా. తల్లులు, పిల్లలు, పిల్లల్ని చూసుకునే అమ్మమ్మలు వాడిన మాటల్ని యథాతథంగా రాసుకోండి. ఆ మాటలతోనే ప్రశ్నలు తయారుచేయండి. అప్పుడు ఆ ప్రశ్నల్ని ఎక్కువమందికి ఇవ్వండి. తల్లి బయట ఉన్న పిల్లలు, తండ్రి బయట ఉన్న పిల్లలు, ఇద్దరూ ఇక్కడే ఉన్న పిల్లలు, మూడు గుంపులూ ఉండాలి. మూడో గుంపు లేకపోతే మీ కథలు ఎంత నిజమైనా ఎవరూ నమ్మరు. ఐదు గుణాల చిన్న ప్రశ్నావళి చివర్లో పెట్టండి, ప్రధానంగా కాదు, పోల్చుకోవడానికి మాత్రమే. అనువాదం మాత్రం ఒక్కళ్ళే చేయొద్దు. కడప మాట వచ్చినవాళ్ళు ఒకరు, కోనసీమ మాట వచ్చినవాళ్ళు ఒకరు విడివిడిగా చేసి కలిపి చూసుకోవాలి. లెక్కల పని నేను చూసిపెడతాను, ఫీజు ఏమీ వద్దు.

మట్టిమనిషి:
మీ పేపర్‌లో ఇంకో విషయం చేర్చండి. మన దేశంలో ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండితేనే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇస్తారు. అంటే చట్టప్రకారం వెళ్ళేవాళ్ళలో చాలామంది అప్పటికే తల్లులు. వయసు తక్కువగా ఉన్నవాళ్ళు విజిట్ వీసాల మీద, ఏజెంట్ల చేతుల్లో పడి వెళ్తారు. వాళ్ళు సర్వే ఫారంలో నిజం చెప్పరు, చెప్పలేరు. మీరు ఎవరో, ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో వాళ్ళకి తెలియాలి. ఇది పద్ధతి విషయం మాత్రమే కాదు, వాళ్ళ భద్రత విషయం.

దావావో_బ్యాచ్:
అక్కా, పిల్లలతో మాట్లాడేటప్పుడు ఒక్క మాట. అమ్మ గుర్తొస్తోందా అని మొదటే అడగొద్దు. నన్ను ఇక్కడ అందరూ అదే అడుగుతారు, అడిగిన ప్రతిసారీ లేదండి బానే ఉన్నా అంటాను. అమ్మతో ఫోన్‌లో ఏం మాట్లాడతావు, ఏం చెప్పకుండా దాస్తావు అని అడిగితే మాత్రం ఆలోచించి చెప్పేవాణ్ణి.

మోడరేటర్:
చర్చ చాలా బాగా నడుస్తోంది, అందరికీ కృతజ్ఞతలు. ఒక్క విన్నపం: మీతో పనిచేసేవాళ్ళ, పరిచయస్తుల పేర్లు, ఊళ్ళు, ఫోటోలు ఇక్కడ పెట్టకండి.

రాయచోటి_రేడియో:
ఆలస్యంగా చూశాను. మాది రాయచోటి దగ్గర పల్లె. మా పిన్ని చాలా ఏళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చింది. వాళ్ళ పిల్లల్ని మా అమ్మే పెంచింది, నేనూ వాళ్ళతోనే పెరిగాను. ఇంతకుముందు ఇద్దరు ముగ్గురు ఫారంలు పట్టుకొచ్చి రాసుకుని పోయారు. ఏం రాశారో, ఎక్కడ వేశారో ఎవరూ వచ్చి చెప్పలేదు. పిన్నికి ఇప్పటికీ ఆ కోపం ఉంది.

ఈ థ్రెడ్‌లో తల్లుల గురించి ఉన్నదంతా పిన్నికి చదివి వినిపించాను. రోమ్‌లో ఆడవాళ్ళ సంగతి రెండోసారి చదవమంది. మీరు రావచ్చు, ఉండటానికి మా ఇంట్లోనే గది ఉంది అని చెప్పమంది. కానీ పిన్ని రెండు షరతులు పెట్టింది. మీరు తయారుచేసిన ప్రశ్నలు ముందు ఆమె చూస్తుంది, కొట్టేయమన్నవి కొట్టేయాలి. పని అయ్యాక పుస్తకంలో ఆమె గురించి రాసిన పేజీలు తెచ్చి, మా వీధి ఆడవాళ్ళందరి ముందు తెలుగులో చదవాలి.

చినుకు_విశాఖ:
రెండింటికీ ఒప్పుకుంటున్నాను. పిన్ని గారికి చెప్పండి. సంక్రాంతి తర్వాత వస్తాను, తేదీ మెసేజ్‌లో మాట్లాడుకుందాం. కొట్టేసిన ప్రశ్నలు ఎందుకు కొట్టేశారో కూడా ఆమె చెప్తే, ఆమె ఒప్పుకుంటే, ఆ కారణాల్ని కూడా థీసిస్‌లో పెడతాను.